పెద్ద కుటుంబం ప్రయాణం: నాంపల్లి నుంచి ఒక సమీక్ష

ముగ్గురు నలుగురు పిల్లలు, తల్లిదండ్రులు, తాత, నానమ్మ, వీలైతే బాబాయి కుటుంబం కూడా కలిసి బయల్దేరితే ఆ ప్రయాణం ఖర్చును మనుషుల సంఖ్యతో గుణించి తేల్చలేం. రైలు, బస్సు, విమానం, మెట్రో ఒక్కొక్కటీ పిల్లల్ని ఒక్కో విధంగా లెక్కగడతాయి. ఒకచోట వయసు చూస్తారు, ఒకచోట ఎత్తు చూస్తారు, మరోచోట ఆడా మగా చూస్తారు. ఏది చౌక అన్న ప్రశ్నకు జవాబు టికెట్టు ధరలో కంటే కుటుంబం కూర్పులో ఎక్కువగా దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఈ లెక్కలన్నీ ఒకేచోట ఎదురయ్యే ప్రాంతం అబిడ్స్, నాంపల్లి. 1907లో కట్టిన రైల్వే స్టేషను, దాని చుట్టూ లాడ్జీలు, పక్కనే మెట్రో, మెట్రోలో మూడో స్టేషనుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్, ఏటా లక్షలమంది కుటుంబాలతో వచ్చే ఎగ్జిబిషన్ మైదానం, హజ్ యాత్రికుల్ని సాగనంపడానికి బంధువులంతా తరలివచ్చే హజ్ హౌస్, అన్నీ నడిచిపోయేంత దూరంలోనో కాస్త అటూ ఇటూనో ఉన్నాయి.

లెక్క తెలియడానికి పదిమంది ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తాత, నానమ్మ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. పెద్ద కొడుక్కి పద్నాలుగేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అమ్మాయి. చిన్న కొడుక్కి తొమ్మిదేళ్ల అబ్బాయి, మూడేళ్ల పాప. వీళ్లు తెలంగాణ వాసులై, రాష్ట్రం లోపలే ఎక్స్‌ప్రెస్ బస్సులో యాదగిరిగుట్టకో వేములవాడకో వెళితే మూడున్నర టికెట్ల డబ్బు సరిపోతుంది. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్టు ఉచితం, తొమ్మిదేళ్ల అబ్బాయికి సగం, పాపకు ఏమీ లేదు. ఇదే కుటుంబం రైల్లో స్లీపర్ తరగతిలో వెళితే, ఏడేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లలకు బెర్తు అక్కర్లేదనుకుంటే, సుమారు ఎనిమిది చార్జీలు. వందే భారత్ చెయిర్ కార్‌లో తొమ్మిది. విమానంలో పదికి పది. ఈ నాలుగు అంకెల మధ్య తేడానే ఈ విషయంలో మొట్టమొదట గ్రహించవలసినది.

పెద్ద పరివారంతో ప్రయాణం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట దాదాపు వందమంది ఉన్నారు. శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్ మీదుగా వెళ్లి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో ఎక్కడ సత్రం ఉంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అన్నవి ఆయన రోజూ రాసిపెట్టుకున్నారు. ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని సాహిత్యంగానే చదువుతారు గానీ, పెద్ద గుంపును ఊరూరా నడిపించి, తిండి పెట్టి, పడుకోబెట్టిన నిర్వహణ గ్రంథంగా కూడా దానికి విలువ ఉంది. రైళ్లు వచ్చాక ప్రయాణం రోజులు తగ్గాయి గానీ దిగిన చోట తలదాచుకునే అవసరం తగ్గలేదు. నాంపల్లి స్టేషను దగ్గర ఏడో నిజాం కాలంలో 1919లో సరాయి కట్టింది అందుకే. రైలు దిగిన బాటసారికి, ముఖ్యంగా కుటుంబంతో వచ్చినవాడికి, స్టేషను ఎదుటే చోటు దొరకాలన్న ఆలోచన అది.

ఇప్పటికీ పెద్ద కుటుంబానికి దూరప్రయాణంలో రైలే ఆధారం. పిల్లలు కాళ్లు చాపుకోవచ్చు, లేచి తిరగవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, ఇంటి నుంచి తెచ్చుకున్నది విప్పుకుని తినవచ్చు. స్లీపర్ పెట్టెలో ఒక అర అంటే ఎదురెదురుగా ఆరు బెర్తులు, నడవ పక్కన రెండు, మొత్తం ఎనిమిది. పైన చెప్పిన కుటుంబానికి కావలసింది ఏడు. దాదాపు ఒక అర అంతా వాళ్లదే అయిపోతుంది, పిల్లల మీద కన్నేసి ఉంచడం తేలిక.

రైల్వే వయసు నిబంధన ఇలా ఉంది. ఐదేళ్లు నిండని పిల్లలకు బెర్తు అడగకపోతే చార్జీ లేదు. ఐదు నిండి పన్నెండు నిండని వాళ్లకు బెర్తు వద్దంటే సగం, కావాలంటే పూర్తి చార్జీ. 2016 ఏప్రిల్ 21కి ముందు సగం చార్జీకే పూర్తి బెర్తు ఇచ్చేవారు. ఆ మార్పుతో ఎక్కువ నష్టపోయింది ఇద్దరు ముగ్గురు బడి పిల్లలున్న ఇళ్లే. చెయిర్ కార్, ఎగ్జిక్యూటివ్, సెకండ్ సిట్టింగ్ తరగతుల్లో సీటు వద్దనే అవకాశమే లేదు కనుక ఆ వయసు పిల్లలకు అక్కడ పూర్తి చార్జీ పడుతుంది. అందువల్ల రాత్రంతా సాగే స్లీపర్ ప్రయాణం పెద్ద కుటుంబానికి రెండు విధాల లాభం. పిల్లల చార్జీ తగ్గుతుంది, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. అయితే ఏడేళ్ల పిల్లనూ తొమ్మిదేళ్ల పిల్లాణ్నీ పెద్దవాళ్ల పక్కన సర్దుకుని పడుకోబెట్టడం ఒక రాత్రికి సరే, ఢిల్లీ దాకా రెండు రాత్రులైతే ఎవరికీ నిద్ర ఉండదు. ఒక రాత్రి దాటిన ప్రయాణంలో ఇద్దరు పిల్లలకు కలిపి ఒక బెర్తయినా తీసుకోవడమే మేలు. అప్పుడు ఒకరికి పూర్తి చార్జీ, ఒకరికి సగం పడుతుంది.

ఇబ్బంది టికెట్టు తీసుకునే దగ్గరే మొదలవుతుంది. ఒక దరఖాస్తు మీద, ఒక పీఎన్‌ఆర్ కింద, ఆరుగురికి మించి పేర్లు రాయడానికి లేదు. తత్కాల్ అయితే నలుగురే. కుటుంబం మొత్తాన్ని ఒకే టికెట్టు మీద ఎక్కించాలన్న ఆరాటంతో చాలామంది ఆరుగురిని ఒకదానిలో నింపి, మిగిలినవాళ్లను ఇంకోదానిలో వేస్తారు. అంతకంటే మంచి పద్ధతి కుటుంబాన్ని తనంతట తానే విడిపోయే చోట విడదీయడం. తాత, నానమ్మ ఒక టికెట్టు, పెద్ద కొడుకు కుటుంబం నలుగురు ఒకటి, చిన్న కొడుకు కుటుంబం ఒకటి. దీనికి గట్టి కారణాలే ఉన్నాయి. అరవై దాటిన పురుషులకు, నలభై ఐదు దాటిన స్త్రీలకు కింది బెర్తుల కోటా ఉంది. కానీ ఆ అర్హత ఉన్నవాళ్లు ఒంటరిగా గానీ ఇద్దరే గానీ టికెట్టు మీద ఉన్నప్పుడే కంప్యూటరు ఆ కోటా చూస్తుంది. మనవలతో కలిపి తాత పేరు రాస్తే ఆయనకు పై బెర్తు వచ్చినా ఆశ్చర్యం లేదు. రెండోది, ఈ మూడు ముక్కల్లో ఏదీ నలుగురికి మించదు కనుక తత్కాల్ పరిమితిలోనూ ఇమిడిపోతుంది. మూడోది, చిన్న కొడుకు ఇంట్లో పాపకు జ్వరం వస్తే ఆ ఒక్క టికెట్టు రద్దు చేసుకుంటే చాలు, మిగిలినవాళ్ల ప్రయాణం కదలదు.

విడదీయడంలో నష్టం కూడా ఉంది. మూడు టికెట్లకు మూడు పెట్టెల్లో బెర్తులు రావచ్చు. రిజర్వేషను తెరిచిన తొలిరోజు వెంటవెంటనే తీసుకుంటే ఒకే పెట్టె దొరికే అవకాశం ఎక్కువ. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. వేసవి సెలవులకు మే మధ్యలో వెళ్లదలచినవాళ్లు మార్చి మధ్యలోనే, అంటే పిల్లల పరీక్షల హడావుడిలోనే, టికెట్ల సంగతి చూడాలి. తత్కాల్ ఏసీకి ఉదయం 10 గంటలకు, మిగతా తరగతులకు 11 గంటలకు మొదలవుతుంది. 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా తప్పనిసరి. ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఖాతాలు ముందే ధ్రువీకరించి ఉంచితే తత్కాల్ తెరిచిన తొలి నిమిషాల్లోనే పని జరుగుతుంది.

రైల్వే నిబంధనల్లో పెద్ద కుటుంబాలకు ఎంతో పనికొచ్చేవీ, ఎక్కువమందికి తెలియనివీ కొన్ని ఉన్నాయి. ఖాయమైన టికెట్టును తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య, భర్తలలో ఒకరి పేరుకు మార్చుకోవచ్చు. రైలు బయల్దేరడానికి కనీసం 24 గంటల ముందు రిజర్వేషను కార్యాలయంలో గుర్తింపు పత్రాలతో అడగాలి, ఒక్కసారే మారుస్తారు. పెద్ద కొడుక్కి సెలవు దొరక్కపోతే ఆ బెర్తులో చెల్లెలు వెళ్లవచ్చన్నమాట. పదిమందిలో ఎవరో ఒకరి ప్రయాణం మారకుండా ఉండదు కనుక, ఉమ్మడి కుటుంబానికి ఇంతకంటే ఉపయోగపడే నిబంధన రైల్వేలో మరొకటి లేదు. పెళ్లి బృందాలకు వేరే నియమం ఉంది. మొత్తం సంఖ్యలో పదోవంతు పేర్లను 48 గంటల ముందు బృందనాయకుడు మార్పించుకోవచ్చు.

విరామ ప్రయాణం మరొకటి. 500 కిలోమీటర్లు మించిన టికెట్టు మీద, ఆ 500 కిలోమీటర్లు దాటాక ఒకచోట రెండు రోజులు దిగి మళ్లీ సాగవచ్చు. 1000 దాటితే అలాంటి మజిలీలు రెండు. మరీ దూరం తిరిగి రావాలనుకునేవాళ్లకు వలయ ప్రయాణ టికెట్టు ఉంది. బయల్దేరిన స్టేషనుకే వేరే దారిలో తిరిగి వచ్చేలా మార్గం గీసుకుని రైల్వే వాణిజ్య విభాగానికి దరఖాస్తు పెడితే, ఎనిమిది చోట్ల దాకా దిగే వీలుతో ఒకే టికెట్టు ఇస్తారు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు చార్జీ తగ్గుతుంది కనుక ముక్కలు ముక్కలుగా కొన్న దానికంటే ఇది బాగా తక్కువలో వస్తుంది. తిరుపతి, మధురై, రామేశ్వరం, కన్యాకుమారి చూసి మరో దారిన రావాలనుకునే కుటుంబానికి సరిగ్గా సరిపోతుంది. ప్రతి అంచెకూ బెర్తులు విడిగా ఖాయం చేసుకోవాలి. ఆ ఓపిక లేకనే ఇది వాడుకలో తగ్గిపోయింది, కానీ ఖర్చూ వెసులుబాటూ రెండూ కావాలనేవాళ్లు తప్పక పరిశీలించవలసిన పద్ధతి.

ఏ స్టేషనులో ఎక్కుతున్నారన్నది కూడా ఖర్చులో భాగమే. నాంపల్లిలో పట్టాలు ముగిసిపోతాయి. ఇక్కడ బయల్దేరే రైలు ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది కనుక సంచులు, పసిపిల్లలు, మోకాళ్ల నొప్పుల నానమ్మ అందరూ తొక్కిసలాట లేకుండా ఎక్కవచ్చు. రెండు నిమిషాలు ఆగే స్టేషనులో పదిమందిని ఎక్కించడం ఎంత భయమో అనుభవించినవాళ్లకే తెలుసు. అయితే 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. నగరం తూర్పు కొసన ఉన్న ఆ స్టేషనుకు నాంపల్లి నుంచి తెల్లవారుజామున మూడు ఆటోలు మాట్లాడుకుంటే టికెట్టులో మిగిలిందంతా అక్కడే పోతుంది. టికెట్టు మీద స్టేషను పేరు చూసుకోకుండా పాత అలవాటుతో నాంపల్లికి వచ్చేస్తే రైలే తప్పిపోతుంది.

బస్సు సంగతి 2023 డిసెంబరు 9 నుంచి పూర్తిగా మారింది. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను ఆడవాళ్లకు జీరో టికెట్టు ఇస్తున్నారు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది. రెండు పథకాలూ ఎవరి రాష్ట్రానికి వాళ్లవే. విజయవాడ నుంచి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన చూడడానికి వచ్చిన కోడలికి నాంపల్లి సిటీ బస్సులో టికెట్టు కొనక తప్పదు. తెలంగాణ నుంచి రాష్ట్రం దాటే ఎక్స్‌ప్రెస్ బస్సులో సరిహద్దు వరకు ఉచితం, ఆపైన చార్జీ. శ్రీశైలం దారిలో తెలంగాణ చివరి ఊరు దోమలపెంట కనుక దాదాపు దారంతా ఉచితమే. కొడుకులకంటే కూతుళ్లు ఎక్కువున్న ఇంటికి ఈ పథకాలు యాత్రల్ని అందుబాటులోకి తెచ్చాయి. అదే సమయంలో ఎక్స్‌ప్రెస్‌లలో రద్దీ కూడా పెరిగింది. నాలుగు గంటలకు మించిన దూరానికి పసిపిల్లలతో నిలబడి వెళ్లే పరిస్థితి వస్తుందనిపిస్తే, ముందే సీటు ఖాయం చేసుకునే సూపర్ లగ్జరీకి డబ్బు పెట్టడం వృథా కాదు.

ఆర్టీసీకి కుటుంబ టికెట్టు కూడా ఒకప్పుడు ఉండేది. నలుగురికి కలిపి 300 రూపాయలతో రోజంతా నగరం తిరిగే ఎఫ్-24 టికెట్టును 2023లో తెచ్చి, మహాలక్ష్మి వచ్చాక 2024 జనవరి 1 నుంచి ఆపేశారు. ఆడవాళ్లకు ఉచితమైనప్పుడు ఇదెందుకన్నది సంస్థ లెక్క. తండ్రి, ఇద్దరు కొడుకులు ఉన్న ఇల్లు, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన ఇల్లు ఆ లెక్కలో ఇమడవు. వాళ్లకు అది నష్టమే.

నగరం లోపల తిరగడానికి మెట్రో వేగం, కానీ కుటుంబానికి ఖరీదు. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకే ఉచితం, సగం టికెట్టు అనేదే లేదు. మూడేళ్ల పిల్లల ఎత్తు ఆ గీతకు అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిదో పదో పూర్తి టికెట్లు కొనే బదులు అబిడ్స్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికో చార్మినార్‌కో సిటీ బస్సే సుఖం. నాంపల్లి నుంచి లింగంపల్లి వైపు వెళ్లేవాళ్లకు 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ ఉంది. ఐదు రూపాయలతో మొదలయ్యే చార్జీ, పిల్లలకు అందులోనూ సగం. రైళ్లు తరచుగా లేకపోవడమే దాని లోపం, లేకపోతే కుటుంబాలకు దాన్ని మించింది లేదు.

సొంతంగా బండి మాట్లాడుకోవడం గురించి రెండు అభిప్రాయాలున్నాయి. టెంపో ట్రావెలర్ అయితే అందరూ ఒకేచోట, ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు, పిల్లలు వాంతి చేసుకున్నా దిగి నీళ్లు పోసుకోవచ్చు అంటారు ఒకరు. ఖర్చు చేతిలో ఉండదంటారు మరొకరు. రెండూ నిజమే, తేడా ప్రయాణం తీరులో ఉంది. ఊరు దాటే బండికి కిలోమీటరు ధరతో పాటు రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు కట్టాలనే నియమం, డ్రైవరు బత్తా, టోలు, పక్క రాష్ట్రపు పర్మిట్టు పన్ను ఉంటాయి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రానూపోనూ 430 కిలోమీటర్లు దాటవు. రోజుకు 300 లెక్కన రెండు రోజులకు 600 కిలోమీటర్ల డబ్బు కట్టాలి, తిరగని 170 కిలోమీటర్లకు కూడా. అదే మూడు రోజుల్లో నాలుగు క్షేత్రాలు చుట్టి వస్తే ప్రతి కిలోమీటరూ వాడుకున్నట్టే, తలసరి ఖర్చు బస్సుకు దగ్గరగా వస్తుంది. ఒకేచోట దిగి ఉండిపోయే ప్రయాణానికి బండి దండగ, ఊళ్లు తిరిగే ప్రయాణానికి లాభం.

విమానం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ పెద్దవాళ్లతో సమానంగా చార్జీ. ఒక బుకింగులో తొమ్మిదిమందికి మించి కుదరదు. ఇంకో చిక్కు ఉంది. తక్కువ ధర సీట్లు నాలుగే మిగిలినప్పుడు ఎనిమిదిమందికి కలిపి వెతికితే అందరికీ పై ధరే చూపిస్తుంది. ముందు నలుగురికి, తర్వాత నలుగురికి విడిగా తీసుకుంటే సగంమందికైనా తక్కువ ధర దక్కుతుంది.

బసకు లాడ్జీ, సత్రం, స్టేషను విశ్రాంతి గదులు, బంధువుల ఇల్లు అన్నవి దారులు. అబిడ్స్, నాంపల్లి లాడ్జీల గిరాకీకి కారణం స్టేషను, బస్టాండు, బజారు దగ్గరగా ఉండడమే. పదిమందికి మూడు గదులు తీసుకునే ముందు నాలుగు మంచాల గది ఉందా, అదనపు పరుపుకు ఎంత, గది లెక్క చేరిన గంట నుంచి 24 గంటలా లేక మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలా అన్నవి అడిగి తీరాలి. తెల్లవారి ఐదింటికి రైలు దిగే కుటుంబానికి ఈ చివరి ప్రశ్న మీదే ఒక రోజు అద్దె ఆధారపడి ఉంటుంది. పగలంతా తిరిగి రాత్రికే వెళ్లిపోయేవాళ్లకు గదే అనవసరం. పీఎన్‌ఆర్ ఉంటే పెద్ద స్టేషన్లలో విశ్రాంతి గదినో డార్మిటరీనో 12 గంటలకు తీసుకుని స్నానాలు కానిచ్చి, సామాన్లు క్లోక్‌రూంలో పెట్టి వెళ్లవచ్చు. క్లోక్‌రూంలో తాళం వేసిన పెట్టెల్నే తీసుకుంటారు, గుడ్డ సంచులతో వెళితే తిప్పి పంపుతారు.

క్షేత్రాల్లో సత్రానికి సాటి లేదు. చాలా సత్రాలు ఒంటరి మనిషికి గది ఇవ్వడానికి వెనకాడతాయి, పిల్లాపాపలతో వచ్చినవాళ్లకు తలుపు తెరుస్తాయి. పెద్ద హాలు, చాపలు, వేళకు భోజనం, ఇచ్చినంత విరాళం. శ్రీశైలంలో మొదలై కాశీ, రామేశ్వరం దాకా శాఖలున్న కరివేన సత్రం, కాశీలో పాండే హవేలీ దగ్గరి ఆంధ్రాశ్రమం తెలుగు కుటుంబాలకు తరాలుగా తెలిసినవి. ఈ వ్యవస్థకు ఒక మచ్చ కూడా ఉంది. చాలా సత్రాలు కులాల పేరిట కట్టినవి. తమవాళ్లకు మొదట ఇస్తారు, కొన్నిచోట్ల తమవాళ్లకే ఇస్తారు. తమ కులానికి సత్రం లేని కుటుంబానికి అదే ఊళ్లో అదే రాత్రి రెండింతలు ఖర్చవుతుంది. ఆ తేడా చూపని చోట్లను ఇక్కడ గుర్తుచేయాలి. నాందేడ్ గురుద్వారాలో యాత్రికుల బస, లంగరు ఎవరికైనా తెరిచే ఉంటాయి. తిరుమలలో యాత్రికుల వసతి సముదాయాల్లో లాకర్లతో సహా ఉచిత బస, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో అందరికీ భోజనం ఉన్నాయి.

తిరుమల ప్రయాణంలో తేదీల చిక్కు ఒకటుంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, పన్నెండేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. రైలు టికెట్టు మాత్రం 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. అంటే దర్శనం తేదీ మొదట ఖాయం చేసుకుని, నెల రోజులు ఆగి రైలు కోసం చూడాలి. రైలు దొరక్కపోతే దర్శనం టికెట్టు వృథా. తిరుపతి వైపు రాత్రి బస్సు, రేణిగుంట మీదుగా వెళ్లే రైళ్లు, ఒక రోజు ముందుగా చేరడం వంటి ప్రత్యామ్నాయాలు రాసిపెట్టుకుంటే ఆ నష్టం తప్పుతుంది.

భోజనం ఖర్చు రోజుకు మూడు పూటలు, పదిమందికి ముప్పై భోజనాలు. మొదటి రోజుకు పులిహోర, చపాతీలు, పెరుగన్నం, ఆ తర్వాతి రోజులకు జంతికలు, సకినాలు, అటుకులు అన్న పాత దారిబత్తెం పద్ధతిని మించిన పొదుపు ఇప్పటికీ రాలేదు. స్టేషన్లలో 20 రూపాయల ఎకానమీ భోజనం, 50 రూపాయల స్నాక్ మీల్ జనరల్ పెట్టెలు ఆగే చోట అమ్ముతున్నారు. హైదరాబాద్ నగరంలో ఐదు రూపాయల భోజనం 2014 మార్చిలో మొదలైంది నాంపల్లి సరాయి దగ్గరే. అన్నపూర్ణ పేరుతో విస్తరించిన ఆ కేంద్రాల్ని ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. ఆసుపత్రికో పరీక్షకో కుటుంబంతో వచ్చినవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఏటా మృగశిర కార్తెకు చేప మందు కోసం దేశం నలుమూలల నుంచి కుటుంబాలు ఎగ్జిబిషన్ మైదానానికి చేరినప్పుడు స్వచ్ఛంద సంస్థలు అన్నం, నీళ్లు అందిస్తాయి. ఆ మందు ఆస్తమాను నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, పిల్లల్ని తీసుకువచ్చేవాళ్లు వైద్యుడి మందులు ఆపకూడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది పిల్లల బడి నిర్ణయిస్తుంది కనుక అందరూ ఒకేసారి కదులుతారు. సంక్రాంతికి, దసరాకు ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో చార్జీ ఒకటిన్నర రెట్లు. రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో 2016 సెప్టెంబరు నుంచి ప్రతి పది శాతం బెర్తులు నిండేకొద్దీ ధర పెరిగే పద్ధతి ఉంది, అందులో పెద్ద కుటుంబం ఎప్పుడూ వెనకబడుతుంది. గుంపుకు ఎదురు వెళ్లడం దీనికి ఒక విరుగుడు. సంక్రాంతికి ముందు నగరం నుంచి కోస్తాకు సీటు ఉండదు గానీ కోస్తా నుంచి నగరానికి వచ్చే బస్సులు ఖాళీగా వస్తాయి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఉంటుంది కనుక ఊళ్లో ఉన్న పెద్దవాళ్లే పిల్లల దగ్గరికి నగరానికి వచ్చి పండగ చేసుకోవడంలో ఖర్చూ తక్కువ, సంబరమూ తక్కువ కాదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి వచ్చిన ఈ ప్రదర్శన రోజుల్లో నాంపల్లి లాడ్జీలకు గిరాకీ ఎక్కువ, ముందే మాట్లాడుకోవాలి. నగరం చూపించేటప్పుడు సెలవు రోజులు కూడా చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల బజారు ఉంటుంది. పిల్లలకు రైల్లో చదువుకునే పుస్తకాలు కొద్ది డబ్బుతో దొరుకుతాయి.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఉన్న నిబంధనల్లో కుటుంబం తన దారి తాను వెతుక్కునే మార్గాలు. నిబంధనలు పెద్ద కుటుంబాన్ని ఎలా చూస్తున్నాయన్నది వేరే ప్రశ్న. ఫ్రాన్స్‌లో 1921 చట్టంతో మొదలైన పెద్ద కుటుంబాల కార్డు ఇప్పటికీ ఉంది. ముగ్గురు పిల్లలుంటే రైలు చార్జీలో 30 శాతం, నలుగురుంటే 40, ఐదుగురికి 50, ఆరుగురు ఆపైన ఉంటే 75 శాతం రాయితీ. జనాభా పెరగాలన్న కోరిక అక్కడి విధానానికి మూలం. ఇక్కడ దానికి ఎదురు ఆలోచనతో నిబంధనలు రాశారు. ఉద్యోగుల సెలవు ప్రయాణ రాయితీకి ఆదాయపు పన్ను మినహాయింపు 1998 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లల్లో ఇద్దరికే వర్తిస్తుంది. జనాభా విధానం ఎలా ఉన్నా, పుట్టిన మూడో బిడ్డను రైలెక్కించే ఖర్చు తగ్గదు. మరోవైపు వృద్ధులకు ఉన్న రాయితీ, పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం, 2020 మార్చిలో ఆగిపోయి తిరిగి రాలేదు. పైన ఊహించుకున్న కుటుంబం అప్పుడైతే, తాతా నానమ్మలకు ఆ రాయితీ దక్కి, పదిమందీ దాదాపు ఏడు చార్జీలతో వెళ్లేవారు.

ఉచిత బస్సు పథకం ఖజానా మీద భారం అన్న వాదన ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. కానీ రైల్వే చేయగలిగిన కొన్ని పనులకు పైసా ఖర్చు లేదు. ఒకే రేషను కార్డు లేదా ఆధార్ ఆధారంగా నిర్ధారించిన కుటుంబానికి ఒక పీఎన్‌ఆర్ కింద పదిమంది దాకా అనుమతించడం, అందులోనూ వృద్ధులకు కింది బెర్తు కోటా వర్తింపజేయడం, విడిగా తీసుకున్న టికెట్లను ఒకే పెట్టెలో కలిపే వీలు ఇవ్వడం అలాంటివి. వృద్ధుల రాయితీని కనీసం స్లీపర్ తరగతికైనా తిరిగి తేవాలి, ఆర్టీసీ కుటుంబ టికెట్టును పొరుగు రాష్ట్రాల యాత్రికుల కోసమైనా మళ్లీ తెరవాలి.